బస్సు దిగండి, నీళ్ళలో దిగకండి

చిర్రక్క అసలు పేరేమిటని ఊళ్ళో ఎవరినడిగినా బుర్ర గోక్కుంటారు. కండక్టరుగా చేరిన కొత్తలో ఎవడో కుర్రాడు ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ, "ఎందుకక్కా పొద్దున్నే అంత చిర్రుబుర్రు?" అన్నాడట. వాణ్ణి చెవి పట్టుకుని లోపలికి లాగి కూర్చోబెట్టింది గానీ, వాడన్న మాట మాత్రం ఊరంతా పాకిపోయింది. ఆమె దానికి నొచ్చుకోలేదు సరికదా, "పేరంటే పనిచెయ్యాలి. చిర్రక్క అంటే ఎదుటివాడు ముందే ఒళ్ళు దగ్గర పెట్టుకుంటాడు. మల్లెమొగ్గ అని పిలిస్తే నెత్తినెక్కి కూర్చుంటాడు" అనేది.

ఆమె బస్సు బస్టాండులో బయల్దేరి, సముద్రం పక్కనే సాగే రోడ్డు మీద లైట్‌హౌసు దాకా వెళ్ళి తిరిగొస్తుంది. ఒక పక్క ఇళ్ళు, ఒక పక్క నీళ్ళు. బస్సు నడిపే డ్రైవరు నోట్లోంచి రోజుకి రెండు మాటలు ఊడిపడితే ఎక్కువ. అతన్ని మూగడ్రైవరు అంటారు. అతని వాటా మాటలు కూడా చిర్రక్కే వాడేస్తోందని ఊళ్ళో హాస్యం.

తిట్లంటారా, ఆమె నోట్లో అవి తయారుగా ఉండేవి. "తల లోపల పెట్టవయ్యా! ఎదురొచ్చే లారీకి నీ తలతో పనేమీ లేదు." "ఏం బాబూ, ముసలావిడ ఎక్కగానే నీకు నిద్ర ముంచుకొచ్చిందా? ఆ నిద్రేదో నిలబడి పో." "ఫోన్లో మీ ఆవిడతో గొడవ ఇంటికెళ్ళి పెట్టుకో. ఇక్కడ బస్సంతా ఆవిడ పక్షమే." కొత్తగా ఎక్కినవాళ్ళు బిత్తరపోయేవాళ్ళు. ఊరివాళ్ళు కిటికీ వైపు తిరిగి నవ్వుకునేవాళ్ళు. పొరపాటున ఎవరైనా ఒక్క మాట కూడా పడకుండా దిగాల్సొస్తే, "ఏంటక్కా, ఒంట్లో బాలేదా?" అని అడిగి మరీ వెళ్ళేవాళ్ళు.

ఈ తిట్లన్నీ ఒక ఎత్తు, మింగుడు గుంట స్టాపు దగ్గర పెట్టే కేక ఒక ఎత్తు. బస్సు ఆ మలుపు తిరగ్గానే ఆమె సీట్లోంచి లేచి నిలబడి, విజిల్ జేబులో వేసుకుని, గొంతెత్తి అరిచేది: "మింగుడు గుంట! బస్సు దిగండి, నీళ్ళలో దిగకండి!" భుజం మీద తువ్వాలు వేసుకుని ఎవడైనా కనిపించాడా, వాడి పని అయిందే. "ఓ తువ్వాలు బాబూ, నీకే చెప్తున్నా! నీ ఈత, నీ కండలు ఇంకెక్కడైనా చూపించుకో. ఆ గుంటకి మర్యాద తెలీదు. ఇక్కడ తడిసినవాడు మళ్ళీ ఆరడు." వాడు మొహం మాడ్చుకునేవాడు. మాడ్చుకోనీ. ఒడ్డునే కూర్చుని, చూసి, ఫోటోలు తీసుకుని, అదే బస్సులో పొడి బట్టలతో తిరిగొచ్చేవాడు. అదీ ఆమెకి కావల్సింది.

ఆ గుంట అందంగా ఉండదని ఆమె ఏనాడూ అనలేదు. నల్లబండలు గుండ్రంగా కట్టుకున్న గోడలా నిలబడి, బయట అలలు ఎంత రంకెలు వేస్తున్నా లోపల నీళ్ళు పళ్ళెంలో పోసినట్టు కదలకుండా ఉంటాయి. అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. పొద్దు వాలేవేళ ఆకాశమంతా అందులోకి దిగి కూర్చుంటుంది. మోసమంతా ఆ నెమ్మదిలోనే ఉంది. బండ అడుగున ఒక సందు ఉంది. సముద్రం వెనక్కి తీసే వేళ ఆ సందులోంచి నీళ్ళని లోపల్లోపలే లాగేస్తుంది. పైన చిన్న ముడత కూడా పడదు. నడుంలోతులో నిలబడ్డ మనిషి కాళ్ళు తన్నేసినట్టు జారి, అంతే, ఉన్నవాడు ఉన్నట్టే లేకుండా పోతాడు. ఇదేదో చిర్రక్క ఒక్కతే కనిపెట్టిన రహస్యం కాదు. ఊళ్ళో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. ముద్ద నోట్లో పెట్టుకుని నానబెట్టే పిల్లల్ని తల్లులు, "మింగుతావా, మింగుడు గుంటలో వెయ్యమంటావా?" అనేవాళ్ళు. టక్కున మింగేవాళ్ళు. చిర్రక్క తమ్ముడు అలా మింగినవాడే, అందరికంటే ఎక్కువసార్లు!

ఆ తమ్ముడే ఇప్పుడు పెద్దమనిషయ్యాడు. సముద్రానికి ఎదురుగా లాడ్జి కట్టాడు. ఊరిని పదిమందికీ చూపించాలని ఒక కమిటీ పెట్టి, దానికి తనే అధ్యక్షుడై కూర్చున్నాడు. చిర్రక్క దాన్ని అందాల కమిటీ అనేది. ఆ కమిటీ చేసిన మొట్టమొదటి ఘనకార్యం ఏమిటంటే, ఊళ్ళో పేర్లన్నిటికీ సున్నం వేయడం. చేపల చెత్త పోసే కుళ్ళు రేవు ముత్యాల రేవయింది. గాడిద మెడ అనే కొండకొమ్ము సూర్యోదయ శిఖరమయింది. అక్కడిదాకా చిర్రక్క కూడా నవ్వి ఊరుకుంది. "గాడిద ఏమీ అనుకోదులే" అంది. ఒకరోజు బస్సు మలుపు తిరిగేసరికి నీలంరంగు బోర్డు ఒకటి ధగధగా మెరుస్తూ కనిపించింది. అద్దాల మడుగు. కింద ఒక జంట నవ్వుతున్న బొమ్మ, పడవ షికారు కావాలంటే ఫోన్ చెయ్యమని పడవల షెడ్డు నంబరు.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆరోజు ఆమె మొహం చూసినవాళ్ళకి తెలిసింది. డ్యూటీ దిగడంతోనే యూనిఫాం మీదే తమ్ముడి లాడ్జికి పోయింది. అతను ముందుగదిలో ఎవరికో గదులు చూపిస్తున్నాడు. ఆమె ఆగలేదు.

"ఒరేయ్, నీకు మతి పోయిందా?"

"అక్కా, మెల్లగా. మనుషులున్నారు."

"మనుషులున్నారనే వచ్చాను. మింగుడు గుంటని అద్దాల మడుగంటావా? ఆ గుంటలో పోయినవాళ్ళ ఇళ్ళు మన వీధిలో ఎన్ని ఉన్నాయో నీకు తెలీదా?"

"తెలుసు. అందుకే కదా పేరు మార్చింది! ఎవడైనా పెళ్ళాం పిల్లల్ని వెంటేసుకుని మింగుడు గుంట చూద్దాం పదండని వస్తాడా? వినగానే కడుపులో తిప్పుతుంది."

"తిప్పాలి! తిప్పడానికే పెట్టార్రా ఆ పేరు! పెట్టినవాళ్ళకి అద్దం అన్న మాట రాక కాదు."

"చుట్టూ రైలింగు వేయిస్తాను. హెచ్చరిక రాయిస్తాను. అన్నీ ఒక్కరోజులో అవుతాయా?"

"బోర్డు ఒక్కరోజులో అయింది కదరా."

అతను తోక ముడిచే రకం కాదు. వారం తిరిగేలోగా డిపో మేనేజరు చిర్రక్కని పిలిచి, ప్రయాణికుల్ని బెదరగొడుతోందని కమిటీ నుంచి ఫిర్యాదు వచ్చిందన్నాడు. ఇకమీదట బోర్డు మీద ఉన్న పేరే చెప్పాలట, అదనంగా ఒక్క ముక్క మాట్లాడకూడదట. మళ్ళీ ఫిర్యాదు వస్తే ఆమెని ఆ రూటు నుంచి మార్చేస్తారట. సొంత తమ్ముడు! చేత్తో ఎత్తుకుని తిప్పిన తమ్ముడు వెనకనుంచి ఈ పని చేశాడంటే ఆమె కడుపు మండిపోయింది.

"సరే సార్. నోరు మూసుకోమంటున్నారు, మూసుకుంటాను. కానీ ఆ అద్దాల పేరు మాత్రం నా నోట్లోంచి రాదు. చచ్చినా రాదు" అని చెప్పి వచ్చేసింది.

అన్నంత పనీ చేసింది. ఆ రోజునుంచి మలుపు తిరగ్గానే ఒక్క విజిల్. అంతే. పాత పేరూ లేదు, కొత్త పేరూ లేదు. దిగేవాళ్ళు దిగేవాళ్ళు, ఎక్కేవాళ్ళు ఎక్కేవాళ్ళు. మూగడ్రైవరు అద్దంలోంచి ఆమె వైపు చూసేవాడు. "ఏంటి చూస్తావ్? ఇప్పుడు నువ్వు మాట్లాడు, నేను మూగదాన్నయ్యాను" అనేది.

కడుపులో మంట ఎక్కడికి పోతుంది? ఇంకో దారి వెతుక్కుంది. ఒకరోజు చలవ కళ్ళద్దాలు పెట్టుకున్న ఒకాయన, "అద్దాల మడుగు ఎక్కడండీ?" అని అడిగితే, "అద్దాలు కావాలంటే మంగలి షాపుకెళ్ళండి. అక్కడైతే ముందొకటి, వెనకొకటి ఉంటాయి" అంది. బస్సంతా గొల్లుమంది. ఆ మాట సాయంత్రానికి టీ బడ్డీకి చేరింది, మర్నాటికి పడవల షెడ్డుకి చేరింది. ఊరికి చెప్పకుండా ఊరి పేర్లు మార్చారని లోపల్లోపల ఉడుకుతున్న జనానికి అది దొరికింది చాలన్నట్టు దొరికింది. అద్దాల మడుగు దారి ఎవరడిగినా, సైకిలు షాపువాడి దగ్గరనుంచి మందుల షాపు ముసలాయన దాకా అందరిదీ ఒకటే జవాబు, మంగలి షాపుకెళ్ళండి. పాపం, మంగలే విసిగిపోయి, "చిర్రక్కా, గడ్డం గీయించుకోకుండా వచ్చి అద్దం చూసుకుని పోతున్నారు" అని మొత్తుకున్నాడు. ఆమె కడుపుబ్బ నవ్వింది. తమ్ముడి బోర్డుని ఊరంతా కలిసి ఓడిస్తోందని ఆమె మురిసిపోయింది.

ఆ పాడురోజు కూడా ఎప్పట్లాంటి రోజే. మధ్యాహ్నం బస్సులో ఒక కుర్రాడు, వాడి చెల్లెలు ఎక్కారు. కాలేజీ వయసు. వాడి భుజం మీద పచ్చ తువ్వాలు. దారంతా ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకుంటూనే ఉన్నారు. "నీకు ఈత రాదు, ఎందుకురా తువ్వాలు?" అని పిల్ల. "కాళ్ళు తడుపుకోడానికి ఈతెందుకే?" అని వాడు. చిర్రక్క విన్నది. నాలుక దురద పెట్టింది. బస్సు మలుపు తిరుగుతుంటే లేచి నిలబడింది కూడా. ఎదురుగా నీలం బోర్డు కనిపించింది. దాన్ని చూడగానే మేనేజరు మొహం, తమ్ముడి మొహం కళ్ళముందు తిరిగాయి. పళ్ళు కొరికి, విజిల్ వేసింది. వాళ్ళిద్దరూ నవ్వుకుంటూ దిగారు. దిగుతూ దిగుతూ ఆ పిల్ల, "థాంక్యూ ఆంటీ" అంది.

లైట్‌హౌసు దాకా వెళ్ళి తిరిగొచ్చేసరికి మలుపు దగ్గర రోడ్డు నిండా జనం. మధ్యలో ఆ పిల్ల ఒక్కతే కింద కూర్చుని ఉంది. చేతిలో పచ్చ తువ్వాలు, పొడిగానే ఉంది. పడవలవాళ్ళు బండల అవతల వెతుకుతున్నారు. పొద్దు వాలకముందే దొరికాడు.

ఇంటికెళ్ళేసరికి మొగుడు గడపలో కూర్చుని ఉన్నాడు. అతనూ పడవవాడే. షెడ్డులో ఫోనెత్తే పని అతనిది. అలలతో పోట్లాడే మనిషి, ఆ రోజు చేతులు ఒళ్ళో పెట్టుకుని వాటిని చూసుకుంటున్నాడు.

"ఏమయ్యా, మీ పడవ అంత ఆలస్యమైందేం? షెడ్డు నుంచి పట్టుమని పది నిముషాలు లేదు కదా?"

అతను తలెత్తలేదు. "ఫోనొచ్చింది."

"వస్తే?"

"ఆడపిల్ల గొంతు. అద్దాల మడుగు దగ్గరున్నాం, పడవ కావాలి, తొందరగా, అంది. షికారు బేరం అనుకున్నా. మంగలి షాపుకెళ్ళమని చెప్పి పెట్టేశా. అందరం నవ్వుకున్నాం. మళ్ళీ మోగింది. ఆ అద్దాల వాళ్ళే, ఎత్తొద్దన్నారు ఎవరో. ఎత్తలేదే నేను."

చిర్రక్క గడపలో అతని పక్కనే కూర్చుంది. అతన్ని తిట్టాలంటే ఆ మాట అతనిది కాదాయె.

తెల్లవారగానే మళ్ళీ తమ్ముడి లాడ్జికి పోయింది. కోపమంతా మూట కట్టుకుని పోయింది. అతను బల్ల దగ్గర తలపట్టుకుని కూర్చున్నాడు. ఆమెని చూడగానే తనే అరిచాడు.

"వచ్చావా? చెప్పు, నా బోర్డు చంపిందను. ఆ పిల్ల ఫోన్ చేస్తే మీ ఆయన ఏం చెప్పాడో ఊరంతా తెలిసిపోయింది. ఎవరి జోకక్కా అది?"

"నాదే."

"మరి?"

"మరీ లేదు, గిరీ లేదు. ఆ జోకు ఎందుకు పుట్టిందిరా? నువ్వు అబద్ధం రాసి ఊరి నెత్తిన మేకు దిగ్గొట్టావు కాబట్టి పుట్టింది. నా మాట చంపింది, ఒప్పుకుంటా. నీ బోర్డు పిలిచింది, నువ్వొప్పుకో!"

అతను ఒప్పుకోలేదు. "పేపర్లో చోటు పేరు పడకుండా మాట్లాడాను. సముద్రతీరంలో ప్రమాదం అని వేస్తారు. నువ్వు కూడా కొన్నాళ్ళు ఊరుకో. మీ ఆయనకీ అదే మంచిది" అన్నాడు.

సిగ్గులేనితనానికి ఎక్కడో ఒకచోట హద్దుండాలి కదా! మొగుణ్ణి అడ్డం పెట్టి నోరు మూయిస్తున్నాడు. చిర్రక్క బల్ల మీదున్న కమిటీ పటాన్ని, రంగురంగుల అక్షరాల్లో కొత్త పేర్లన్నీ ఉన్నదాన్ని, తీసి నాలుగు ముక్కలు చేసి అతని ఒళ్ళో వేసింది. "నువ్వు నాతో మాట్లాడకు. నేను బతికున్నంతకాలం మాట్లాడకు" అని బయటికొచ్చింది. ఆరోజు బస్సులో మలుపు దగ్గర ఆమె పెట్టిన కేక లాడ్జి మేడ మీదకి వినపడిందంటారు. "మింగుడు గుంట! బస్సు దిగండి, నీళ్ళలో దిగకండి!" మేనేజరు రెండుసార్లు పిలిపించాడు. ఆమె వెళ్ళలేదు. తమ్ముడు బోర్డు కింద జాగ్రత్త అని రాయించాడు. బొమ్మలో నవ్వుతున్న జంట చెప్పుల కింద, చీమలకి చదువొస్తే చదువుకునేంత అక్షరాలతో రాయించాడు.

కేక పెడుతోందేగానీ, తిట్లలో పస తగ్గింది. తువ్వాలు భుజాన వేసుకున్నవాడు కనిపిస్తే తిట్టబోయి, ఒక్కోసారి దణ్ణం పెట్టేసేది. వాళ్ళకి అదే ఎక్కువ భయంగా ఉండేది.

కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం, ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన బస్టాండులో ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. చేతిలో సంచి లేదు, ఏమీ లేదు.

"ఎక్కడికండీ?"

"మా వాడు పోయిన చోటికమ్మా." టిక్కెట్టు తీసుకోవడం కూడా మర్చిపోయి ఆమె మొహంలోకి చూశాడు. "దాని పేరేంటో నాకు సరిగ్గా తెలీదు. మా అమ్మాయి ఒకటి చెప్తుంది. ఇందాక మీ బస్టాండులో ఇంకోటి చెప్పారు."

చిర్రక్క టిక్కెట్టు ఆయన చేతిలో పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది. "బోర్డు మీద ఉన్నది అద్దాల మడుగండీ. మేం పుట్టినప్పటినుంచీ మింగుడు గుంటే."

"మింగుడు గుంట." ఆయన దాన్ని నెమ్మదిగా పలికి చూసుకున్నాడు. "మంచి పేరమ్మా. మా వాడు ఉత్త పిరికివాడు. ఆ పేరు వింటే కాలు పెట్టేవాడు కాదు. ఈ పేరు మీ ఊళ్ళో ఎవరెవరికి తెలుసు?"

"అందరికీ."

"అందరికీనా?"

ఆమె అవునన్నట్టు తలూపింది. ఇంక దాచడం ఆమె వల్ల కాలేదు. మలుపు వచ్చేదాకా ఆయన సీటు పక్కనే నిలబడి అంతా చెప్పేసింది. తమ్ముడి బోర్డు, మేనేజరు హుకుం, తన పంతం, మంగలి షాపు మాట, షెడ్డులో ఫోనెత్తింది తన మొగుడేనన్న సంగతి. ఒక్కటీ మిగల్చలేదు. బస్సులో ఉన్నవాళ్ళు వింటున్నారని కూడా చూసుకోలేదు. మూగడ్రైవరు బస్సుని మలుపు దగ్గర ఆపి, ఇంజను కూడా ఆపేశాడు.

"తిట్టండి బాబూ" అంది చిర్రక్క. "నోటికొచ్చినట్టు తిట్టండి. పడతాను."

ఆయన తిట్టలేదు. చేతిలో టిక్కెట్టుని మడతపెడుతూ, విప్పుతూ కూర్చున్నాడు.

"బస్టాండులో మీ గురించి కూడా అడిగానమ్మా. అందరూ ఒకటే చెప్పారు. ఎక్కిన ప్రతివాణ్ణీ తిడతారట. తల బయట పెట్టినా తిడతారట, కునుకు తీసినా తిడతారట. ఎవర్నీ వదలరట." ఆయన గొంతు పెంచలేదు. "మా వాణ్ణెందుకు తిట్టలేదమ్మా?"

చిర్రక్క నోరు తెరిచింది. బస్సంతా ఆమె వైపే చూస్తోంది. ఒక్క మాట కూడా రాలేదు. ఆయన సీటు రాడ్డు పట్టుకుని లేచి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.